సాదుకున్నం అంటే ఏం రాయాలి?

కోర్టులో స్టెనోలుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు సూర్యాపేటలో మా ఇంటికి వస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే. స్పీడు ఎట్లా పెంచుకోవాలి సార్, నిమిషానికి ఎన్ని మాటలు కొట్టేవారు సార్ అని. స్పీడు గురించి నేను చెప్పడానికి ఏమీ లేదు. రోజూ కొడితే అదే వస్తుంది. వేళ్లకు పని నేర్పడం సులువు, చెవికి నేర్పడమే కష్టం. ముప్పై రెండేళ్ల సర్వీసులో నా చెవి దారికి వచ్చింది ఇరవై ఏడో ఏట. అప్పటికి ఒక ఆడమనిషి చేతిలోని బిడ్డ చేజారిపోయే దాకా వచ్చింది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కాగితం మీద మనిషి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. నా సర్వీసంతా ఈ మూడు ఊళ్ల మధ్యనే తిరిగింది. ప్రమోషన్లు, బదిలీల గొడవ ఇక్కడ వద్దు. పని మాత్రం ఏ ఊళ్లో అయినా ఒకటే. సాక్షి బోనులో నిలబడి తెలుగులో చెబుతాడు. కాగితం మీద అది ఇంగ్లీషులో ఉండాలి. జడ్జిగారు విని, ఇంగ్లీషులో చెబితే మనం టైపు కొట్టాలి. చివరికి దాన్ని సాక్షికి మళ్లీ తెలుగులో చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి.

వినడానికి ఇంతే. కానీ జడ్జిలు అందరూ మన వైపు వాళ్లే ఉండరు. హైదరాబాదులో పుట్టి పెరిగినవాళ్లు వస్తారు. పల్లెటూరి మనిషి మాట్లాడుతుంటే నాలుగు మాటల్లో ఒకటి వాళ్లకు అందదు. అప్పుడు మన వైపు చూస్తారు. "ఏమంటున్నారు?" అంటారు. మనం ఒక ఇంగ్లీషు ముక్క చెబుతాం. ఆ ముక్కే కాగితం ఎక్కుతుంది. సాక్షి బస్సెక్కి ఊరికి పోతాడు. కాగితం మాత్రం అక్కడే ఉంటుంది. పై కోర్టుకు పోయినా అదే పోతుంది. ఈ బాధ్యత మన ఉద్యోగపు ఆర్డరులో ఎక్కడా రాసి ఉండదు. కానీ అసలు ఉద్యోగం అదే.

కోదాడ కోడలు

కోదాడలో పనిచేసిన తొలి రోజుల్లో ఒక కోడలు సాక్ష్యానికి వచ్చింది. సరిహద్దు అవతల కోస్తా వైపు నుంచి ఇటు కోడలిగా వచ్చిన పిల్ల. "మా అత్త నన్ను పొద్దస్తమానం సాధించేదండీ" అన్నది. ఆ రోజు జడ్జిగారికి గొంతు బాగాలేదు. నువ్వే కొట్టెయ్ అన్నట్టు చెయ్యి ఊపారు.

మా వైపు సాదుడు అంటే పెంచుడు. పాలు పట్టి, అన్నం పెట్టి, పెద్ద చేసుడు. నాకు వినపడింది అదే. అత్తగారు రోజంతా నన్ను కనిపెట్టుకుని చూసుకునేది అని ఇంగ్లీషులో చక్కగా కొట్టాను. కొడుతూ, ఇంత మంచి అత్త మీద కేసెందుకు పెట్టిందబ్బా అని కూడా అనుకున్నాను. తర్వాత చదివి వినిపించేటప్పుడు ఆ పిల్ల ఎగిరిపడింది.

"అయ్యో, ఎప్పుడు చూసుకుందండీ! మాటలతో చంపుకు తినేదండీ!"

హాలంతా నవ్వింది. జడ్జిగారు కూడా గొంతునొప్పి మరిచి నవ్వారు. నేను ఆ వాక్యం తీసేసి వేరేది రాశాను. అప్పటి మా శిరస్తదారు, అంటే ఆఫీసు పెద్ద, ఈ పనిలో నాకు తొలి గురువు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ అన్నాడు.

"ఊరు గాని ఊరి మాట చెవిన పడితె వేళ్లు ఆపు. అడుగు. అడిగితె ఇజ్జత్ పోదు."

ఆ మాట నేను వదల్లేదు. ఏ కొత్త మాట విన్నా ఆగి అడిగాను. "నాకు జర అర్థం కాలె, ఇంకో తీరుగ చెప్పు" అని సాక్షిని బతిమాలుకున్నాను. చాలామంది జడ్జిలు అందుకే నన్ను మెచ్చుకున్నారు. కానీ ఊరి మాటే వినపడితే ఏం చెయ్యాలో మా శిరస్తదారు చెప్పలేదు. అడగాలని నాకూ తోచలేదు. ఊరి మాట నాకు రాకపోవడమేమిటని ధీమా.

ఒక మాట, నాలుగు గళ్లు

నా బుర్రలో ఒక పట్టిక ఉండేది. నలభై గొర్లను సాదుతున్న అని గొర్రెల కాపరి అంటే దానికి ఒక ఇంగ్లీషు మాట. బిడ్డను సాదిన అని తల్లి అంటే ఇంకొకటి. కొడుకు సాదుతలేడు అని ముసలాయన భరణం కేసు వేస్తే మూడోది. ఫలానా పిల్లను సాదుకున్నరు అంటే నాలుగోది, అడాప్షన్, దత్తత. మన దగ్గర ఉన్న ఒక్క మాటకు ఇంగ్లీషులో నాలుగు గళ్లు. ఏ గడిలో ఏది వెయ్యాలో నాకు తడుముకోకుండా తెలుసని గర్వంగా ఉండేది.

ఆ నాలుగో గడి మా ఇంట్లోనే కట్టుకున్నాను. మాది పాలకీడు దగ్గర వ్యవసాయ కుటుంబం, కొంత భూమి ఉంది. మా చిన్నాయనకు పిల్లలు లేక మా తమ్ముణ్ణి తీసుకున్నాడు. అయ్యగారిని పిలిచి హోమం చేశారు. పెద్దమనుషులు కూర్చున్నారు. కాగితం రిజిస్టర్ అయింది. ఇంట్లో దాన్ని అందరూ "వాణ్ణి సాదుకున్నరు" అనే అన్నారు. అప్పటి నుంచి ఆ మాట వింటే నా కళ్ల ముందు స్టాంపు కాగితం కనపడేది. భూమి ఉన్న ఇళ్లల్లో ఆ మాటకు భూమి కూడా అతుక్కుని ఉంటుంది. భూమి లేనివాళ్లు కూడా ఆ మాట అంటారు కదా, వాళ్లకేం కనపడుతుంది అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

లింగమ్మ

ఆ కేసు ఏ ఊరి కోర్టులోనో చెప్పను. పేర్లు కూడా మార్చాను. లింగమ్మ వాళ్లు గొర్రెలు కాసుకునే కుటుంబం. ఆమె చెల్లెలు కాన్పులో చనిపోయింది. పుట్టిన ఆడపిల్ల బతికింది. చెల్లెలి మొగుడు కోదాడలో లారీ డ్రైవరు. పసిగుడ్డును ఎట్లా పెంచాలో తెలియక లింగమ్మ ఒడిలో పెట్టి పోయాడు. తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. పిల్లకు రేణుక అని పేరు పెట్టింది లింగమ్మే. బడిలో వేసిందీ ఆమే. రేణుకకు తొమ్మిదేళ్లు వచ్చాక తండ్రి తన బిడ్డ తనకు కావాలని కోర్టుకు వచ్చాడు.

చట్టం ప్రకారం తండ్రే సహజ సంరక్షకుడు. అయితే బిడ్డకు ఏది మేలో కోర్టు చూడాలి. ఇన్నేళ్లూ పెంచిన మనిషి ఎటువంటిదో, ఆమె మాట నమ్మదగినదో కాదో చూడాలి. లింగమ్మకు ఉన్నదల్లా ఆ మాటే.

ఆ రోజు ఆమె వకీలు పక్క కోర్టులో ఇరుక్కుపోయి కొత్త జూనియర్‌ను పంపాడు. తండ్రి తరఫు వకీలు మన ప్రాంతం మనిషే, అనుభవం ఉన్నవాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగాడు.

"పిల్లను ఇన్నేండ్లు నీ దగ్గర ఎందుకు పెట్టుకున్నవ్?"

"పెట్టుకునుడు ఏంది సారూ? మేం సాదుకున్నం" అన్నది లింగమ్మ.

ఆ కోర్టు జడ్జి మేడమ్ హైదరాబాదు నుంచి వచ్చినవారు. నా వైపు చూశారు.

"ఏమంటున్నారు?"

"అడాప్ట్ చేసుకున్నారట మేడమ్" అన్నాను. తడుముకోలేదు. మేడమ్ అదే చెప్పారు, నేను అదే కొట్టాను. మేము పిల్లను దత్తత తీసుకున్నాము అని ఇంగ్లీషులో ఒక వాక్యం.

వకీలు ఒక్క క్షణం నన్ను చూశాడు. అతనికి తెలుసు. ఇవాళ్టికీ నాకు ఆ విషయంలో అనుమానం లేదు. తెలిసీ ఊరుకున్నాడు. తన కక్షిదారు కోసం ఊరుకోవడం అతని పని అనుకున్నాడు. నేను అతన్ని తిట్టను. తప్పు కొట్టింది అతను కాదు. ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగి, చివరికి మెల్లగా అన్నాడు.

"దత్తత కార్యం ఏమన్న చేసిన్రా? కాగితం రాసుకున్నరా?"

"ఏం కార్యం లేదు. ఏం కాగితం లేదు" అన్నది లింగమ్మ. అదీ కొట్టాను.

అంతా అయ్యాక చదివి వినిపించాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి, దత్తత అనే ఇంగ్లీషు మాటను మళ్లీ నా పట్టికలో వేసి తెలుగు చేశాను. "మేము పిల్లను సాదుకున్నాము" అని చదివాను.

"ఔ సారూ, గంతే" అన్నది లింగమ్మ. వేలిముద్ర వేసింది.

ఏం జరిగిందో చూడండి. పోయేటప్పుడు తప్పు దారిలో పోయాను, వచ్చేటప్పుడు అదే తప్పు దారిలో తిరిగి వచ్చాను. ఆమె చెవికి చేరింది ఆమె మాటే. ఇక తప్పు ఎక్కడ బయటపడుతుంది? కోదాడ కోడలిని కాపాడిన పద్ధతి లింగమ్మను కాపాడలేదు.

వాదనల రోజు తండ్రి తరఫు వకీలు ఆ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చదివాడు. "దత్తత తీసుకున్నానని చెప్పింది. ఆ పూటే ఏ దత్తతా జరగలేదని చెప్పింది. బిడ్డను దక్కించుకోవడానికి లేని దత్తతను పుట్టించిన మనిషి ఈమె. ఇటువంటి మనిషి చేతిలో ఆడపిల్లను ఎట్లా వదులుతారు?" అని ఇంగ్లీషులో అడిగాడు. నిజం చెప్పాలంటే, నాకు కూడా ఆమె అబద్ధం ఆడిందనే అనిపించింది. తీర్పు వాయిదా పడింది. బయట వరండాలో లింగమ్మ నన్ను ఆపింది.

"టైపు సారూ, ఆ వకీలు సారు నా గురించి మంచిగనే చెప్పిండా?"

"చెప్పిండులే" అని తప్పించుకుని పోయాను.

దూడ

ఆ ఆదివారం ఊరికి పోయాను. కొట్టం దగ్గర మా అమ్మ ఒక బర్రెదూడ మెడ గోకుతూ ఉంది. మంచి బలంగా ఉంది దూడ. ఎక్కడిదమ్మా అని అడిగాను.

"మన బర్రె ఈనంగనే సచ్చిపాయె గద. దీన్ని సీసతోటి పాలు పట్టి నేనే సాదుకున్న" అన్నది.

"దూడను దత్తత తీసుకున్నవా అమ్మా?" అని నవ్వాను.

నవ్వు సగంలోనే ఆగిపోయింది. మా ఇంట్లోనే, మా అమ్మ నోట్లోనే ఆ మాట ఉంది. హోమం లేదు, కాగితం లేదు. సీసాతో పాలు పట్టింది, సాదుకుంది, అంతే. లింగమ్మ చెప్పింది కూడా అంతే. అమ్మ ఏమైందిరా అని అడిగితే ఎండ దెబ్బ అని చెప్పాను.

సోమవారం పొద్దున్నే మా సూపరింటెండెంటుకు చెప్పాను. మంచి మనిషే, కానీ భయస్తుడు.

"వేలిముద్ర పడ్డ కాగితం అది. నువ్వే చదివి వినిపించినవ్, ఆమె ఔ అన్నది. ఇప్పుడు పోయి తప్పు కొట్టిన అంటె నీ మెడకే సుట్టుకుంటది. ఇంక ఐదేండ్ల సర్వీసున్నది, సప్పుడు చెయ్యకుండ ఉండు."

అతను చెప్పింది తప్పని అప్పుడు నాకు అనిపించలేదు. గంటసేపు ఊరుకున్నాను కూడా. ఈ గంట గురించి రాయకపోతే మీకు నేను మంచివాణ్ణి అనిపిస్తాను కాబట్టి రాస్తున్నాను. తీర్పు ఆ వారంలోనే ఉంది. డిక్టేషన్‌కు పిలిస్తే, ఆ తప్పు వాక్యం మీద కట్టిన తీర్పును కూడా నేనే కొట్టాలి. అది మాత్రం నా వల్ల కాదనిపించింది. అప్పుడు మేడమ్ గదిలోకి పోయాను.

మేడమ్ అంతా విన్నారు. కోప్పడతారనుకున్నాను. ఫైలు చూస్తూ, తల ఎత్తకుండానే ఒక ప్రశ్న అడిగారు.

"ఇన్నేళ్లలో ఇట్లాంటివి ఎన్ని కొట్టి ఉంటారు?"

"తెలియదు మేడమ్" అన్నాను. ఇప్పటికీ నాకు తెలియదు. సస్పెన్షన్ అయినా ఇంత బాధ పెట్టేది కాదు.

మళ్లీ బోనులో

రెండు పక్షాలకూ తెలియజేసి మేడమ్ లింగమ్మను మళ్లీ పిలిపించారు. తండ్రి తరఫు వకీలు గట్టిగా అడ్డు చెప్పాడు. సాక్షి మాట మార్చడానికి అవకాశం ఇస్తున్నారు అన్నాడు. మేడమ్ ఆ అభ్యంతరం రాయించి, ఆమెను తానే అడిగారు. నా వైపు చూడలేదు.

"సాదుకున్నం అన్నారు కదా. అంటే ఏం చేశారో చెప్పండి."

లింగమ్మ వింతగా చూసింది. అన్నం తినడమంటే ఏమిటని అడిగినట్టు ఉంది ఆమె ముఖం.

"ఏం చేసుడేందమ్మా? మా చెల్లె పోయిన మూడో దినం నుంచి నా దగ్గరనే ఉన్నది. మేకపాలు కాసి, పలుచగ చేసి, బట్ట ముంచి తాగిచ్చిన. జరమొస్తె దవాఖానకు ఎత్తుకపోయిన. గొర్లెంట పోతె కొంగుల కట్టుకోని పోయిన. తల్లి సచ్చిన గొర్రెపిల్లను ఇంకో గొర్రెకు అలవాటు చెయ్యమా? అది తన్నుతది, మనం పట్టుకోని కుడిపిస్తం. నాలుగు దినాలకు అదే దగ్గరికి తీస్తది. నన్నైతే ఎవ్వలు పట్టుకోలె."

"దత్తత తీసుకున్నారా?"

"దత్తతంటే ఆస్తిచ్చేటోళ్ల ముచ్చట. మాకేమున్నదమ్మా, గొర్లు తప్ప? ఇగ కార్యం ఎందుకు? నా చెల్లె బిడ్డ నాకు పరాయిదా?"

వకీలు లేచి, ఇదంతా ఎవరో నేర్పించి పంపారని అన్నాడు. మేడమ్, హాలు వెనక నిలబడ్డ తండ్రిని ముందుకు పిలిచారు. మీ ఇళ్లల్లో సాదుకున్నరు అంటే ఏమిటని అడిగారు. అతను తన వకీలును చూశాడు. వకీలు కళ్లతోనే ఏదో చెప్పాడు. డ్రైవరు తల దించుకుని అన్నాడు.

"సాదుకున్నది అంటే... పెంచింది మేడమ్. మా వదిన దత్తత అని ఎన్నడు అనలె. నా బిడ్డ నాకు కావాలె గని, వదిన మీద అబద్ధం నేను చెప్ప."

నా సర్వీసులో తన కేసుకు తానే గండి కొట్టుకున్న మనిషిని అతన్నొక్కణ్ణే చూశాను.

తీర్పు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మేడమ్ రేణుకను తన గదిలో కూర్చోబెట్టుకుని విడిగా మాట్లాడారు. లింగమ్మ నీకేమవుతుంది అని అడిగితే "పెద్దమ్మ. నన్ను సాదుతది" అన్నదట ఆ పిల్ల. బిడ్డ లింగమ్మ దగ్గరే ఉండాలని, తండ్రి వచ్చి చూసి పోవచ్చని, సెలవుల్లో కొన్నాళ్లు తీసుకుపోవచ్చని తీర్పు వచ్చింది. తండ్రి అప్పీలు వెయ్యలేదు. నా దిద్దుబాటు వల్లే అట్లా అయిందని చెప్పుకోను. ఆ డ్రైవరు నోటి వెంట నిజం వచ్చింది, అదీ జరిగింది.

కొత్తవాళ్లకు

మాట మీకు బాగా తెలిసిందే అనిపించినప్పుడే ఆగండి. సాక్షి మాటను తెలుగు అక్షరాల్లోనే ఉంచి, దాని అర్థం సాక్షి నోటితోనే చెప్పించి పక్కన రాయమని జడ్జిగారిని అడగండి. ఎవరూ కాదనరు. చదివి వినిపించేటప్పుడు సాక్షి మాటనే సాక్షికి తిరిగి అప్పజెప్పకండి. మీరు కాగితం మీద రాసిన అర్థాన్ని చెప్పండి. "దత్తత తీసుకున్నారని రాసిన, ఔనా?" అని అడిగి ఉంటే లింగమ్మ అక్కడే నన్ను కడిగేసేది. ఇప్పుడు మాట వింటూనే టైపు చేసే యంత్రాలు వస్తున్నాయంటున్నారు. రానివ్వండి. వాటికీ నాలాగే ఒక పట్టిక ఉంటుంది.

ఇక లింగమ్మను మళ్లీ బోనులోకి పిలిచిన రోజు చివర జరిగింది చెప్పి ముగిస్తాను. కొత్త కాగితంలో ఇంగ్లీషు వాక్యాల మధ్య ఆ ఒక్క మాట తెలుగులో రాశాము. పక్కన ఆమె చెప్పిన అర్థం రాశాము. లింగమ్మకు చదివి వినిపించాను. "మా చెల్లె చనిపోయిన తర్వాత పిల్లను మేము సాదుకున్నాము, అంటే పాలు పట్టి పెంచుకున్నాము" అన్నాను. ఆమె శ్రద్ధగా విని, నా ముఖంలోకి చూసింది.

"మొన్న గూడ గిదే చదివినవ్ గద సారూ. సాదుకున్నం అంటె పెంచుకున్నమనే గద! మల్ల నన్నెందుకు పిలిచిన్రు? నేనేమన్న తప్పు చెప్పిన్నా?"

సిరా డబ్బా ఆమె ముందుకు జరిపాను. ఆమె వేలిముద్ర వేసి, వేలు కొంగుకు తుడుచుకుని, బయట కూర్చున్న రేణుక చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. అడిగిన ప్రశ్నకు జవాబు లేకుండానే పోయింది. కోర్టులో అందరి మాటలూ రాసినవాణ్ణి, నేను చెప్పాల్సిన ఒక్క మాట ఆ రోజు చెప్పలేకపోయాను. నువ్వు తప్పు చెప్పలేదు లింగమ్మా, నేనే తప్పు విన్నాను.